నాలుక కట్టేసిన గంట

దాలయ్య మూడోసారి తాడు లాగాడు. గంట మోగలేదు.

తలెత్తి చూశాడు. పది బారల ఎత్తున, దూలానికి వేలాడుతూ, కింద ఎద్దుబండి నిలబెట్టేంత వెడల్పున్న కంచుగంట అటూ ఇటూ ఊగుతూనే ఉంది. లోపల దాని నాలుక అంచుకు తగులుతూనే ఉంది. తగిలినప్పుడల్లా ఖంగుమని మోగాల్సింది పోయి, తడిసిన పరుపును కర్రతో బాదినట్టు ‘దబ్’మంటోంది. ఆ చప్పుడు నాలుగడుగులు కూడా పోకుండా గాలిలో కలిసిపోతోంది.

ఎదురుగా, పొద్దుటినుంచి సముద్రం మీద పెరుగుతూ వచ్చిన మబ్బు ఆకాశాన్ని సగం మింగేసింది. మిట్టమధ్యాహ్నం వేళే దిక్కులన్నీ మసిపట్టిన రాగిబిందె అడుగులా నల్లెర్రగా మారిపోయాయి. ఎండ్రకాయలు గుంపులు గుంపులుగా ఇసుక వదిలి ఊరివైపు పాకుతున్నాయి. కొంగలన్నీ ఎప్పుడో కొండల మీదికి ఎగిరిపోయాయి. గంట నిలిచిన సముద్రపు బండ గంటరాయినీ ఒడ్డునూ కలిపే రాతికట్ట మీదుగా అప్పుడే అలలు పొర్లుతున్నాయి.

ఉప్పెన! మహా అయితే మూడు గడియల్లో వచ్చి పడుతుంది.

“ఏటయ్యా దాలయ్యా! ఆ తాడట్టుకుని నిద్దరోతన్నావా? లాగు!” రాతికట్ట మీద నిలబడి, కొంగు నడుముకు బిగించి అరిచింది చెంగల్వ. తాళ్లు పేనే అసిరమ్మకు మనవరాలు. ఉప్పెన వస్తే పగడాలరేవు జనానికి ముందు నడవాల్సిన మనిషి.

“లాగుతూనే ఉన్నాను! మోగడం లేదు!”

“గంటన్నాక మోగక ఏటి సేత్తాది? నీ సేతుల్లో సత్తువ నేదని సెప్పు!”

ఆ చేతుల్లో సత్తువ ఎంతో శంఖగిరి కోటలోని మల్లయోధులకు బాగా తెలుసు. ఎందుకంటే దాలయ్య కూలివాడు కాదు. శంఖగిరి మహారాజు ఒక్కగానొక్క కొడుకు, ఉదయసేనుడు. పోయిన ఏడు గవ్వలదీవి మీద ఉప్పెన విరుచుకుపడ్డ రోజున అక్కడి గంట కూడా ఇలాగే మోగలేదు. దీవి మొత్తం ఊడ్చుకుపోయింది. ఉదయసేనుణ్ణి పాలిచ్చి పెంచిన దాది అక్కడే పోయింది. ఆ గంట నోరు నొక్కిందెవరో తేల్చడానికి అతను మూడు నెలల క్రితం కిరీటం తీసి తలపాగా చుట్టాడు. అసిరమ్మ పాకలో కొబ్బరిపీచు పేనే కూలివాడుగా చేరాడు. ఈ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు మంచం పట్టిన తండ్రి. రెండోవారు చిన్నప్పుడు అక్షరాలు దిద్దించి, ఇప్పుడు ఈ ఉపాయం చెప్పి పంపిన మహామంత్రి. నాలుగు రోజుల క్రితమే మంత్రి దగ్గరనుంచి ఒక తాటాకు వచ్చింది. ‘నాయనా, గంటను నమ్ము. అది మోగేదాకా రేవు విడిచి కదలకు’ అని అందులో ఉంది.

నమ్మిన గంట ఇదీ!

గంట మోగకపోతే పగడాలరేవులో ఎవరూ కదలరు. అది తాతలనాటి కట్టు. గంట వినకుండా గడప దాటకూడదు, విన్నాక గడపలో నిలవకూడదు. తీరం పొడవునా రెండు క్రోసుల మేర పరుచుకున్న రెండువందల పన్నెండు గడపలకు, ఈ గాలిలో, ఎవడు పరుగెత్తి చెప్పగలడు? చెప్పినా ఎవరు నమ్ముతారు?

ఉదయసేనుడు పళ్లబిగువున తాడు పట్టుకుని నాలుగోసారి వేలాడాడు.

“లాగకురా పాపీ! ఇంకొక్కసారి లాగావంటే కప్పను చేసేస్తాను!”

కేక గంటలోంచే వచ్చింది.

చెంగల్వ ముఖం పాలిపోయింది. “అది... కరాళకంఠుడి గొంతు!”

కరాళకంఠుడంటే ఆ తీరంలో పేచీ పెట్టే పసిపిల్లలు కూడా నోరు మూసేస్తారు. గంటరాయి కింది గుహలో కాపురం, మెడలో పుర్రెల దండ, మోకాళ్లదాకా జడలు. ఉప్పెనల్ని పిలిచేది అతనేనని ఊరందరి నమ్మకం. ఉదయసేనుడు మరి ఆలోచించలేదు. తాడు పట్టుకుని కోతిలా పైకి పాకాడు. గాలి అతన్ని రెండుసార్లు బండకేసి కొట్టింది. మోచేయి చీరుకుపోయింది. అయినా పట్టు వదలకుండా దూలం మీదికి ఎగబాకి, గంటలోకి చేయి చాపి, అందిన జడ పట్టుకుని గుంజాడు.

“దొరికావురా! గవ్వలదీవి గంటను కూడా నువ్వే చంపావా?”

గంట నాలుకను రెండు కాళ్లతో చుట్టుకుని వేలాడుతున్న ముసలివాడు, నోట్లోని కత్తి చేతిలోకి తీసుకుని కళ్లెర్రజేశాడు. “ఓరి మానవాధమా! గంటను చంపేవాడికి కత్తితో పనేమిట్రా? కోస్తున్నాను! నువ్వు తాడు లాగినప్పుడల్లా నా వేళ్లు నలిగి పచ్చడైపోతున్నాయి! జడ వదులు!”

అప్పుడు చూశాడు ఉదయసేనుడు. మనిషి నడుమంత లావున్న ఇనుప నాలుకకు, కింది గుండుకు, మూడు మడతల గేదెతోలు చుట్టి ఉంది. మడతల మధ్య కొబ్బరిపీచు కూరి ఉంది. పైన పేనిన తాడుతో గట్టిగా బిగించి, ముడి వేసి ఉంది.

“పది రోజులుగా అనుమానంగానే ఉంది,” అన్నాడు కరాళకంఠుడు, కత్తి ఆడిస్తూనే. “గాలి వీచినప్పుడల్లా ఈ గంట సన్నగా పాడేది. ఆ పాట వింటేగాని నాకు నిద్ర పట్టదు. మీవాళ్లు గంటపూజ చేసిన నాటినుంచి పాడటం మానేసింది.”

“మరి ఊళ్లో చెప్పలేదేం?”

“చెబుదామనే వచ్చాను. తలపండు పగిలేలా రాళ్లు రువ్వారు. ఇదిగో చూడు, ఇంకా బొప్పి తగ్గలేదు.”

ఉదయసేనుడు ముడి విప్పబోయాడు. మూడు మెలికలు. నడిమి మెలిక వెనక్కి తిరిగి తన మీద తానే పడుకుని ఉంది. గోళ్లు విరిగాయేగాని ముడి సడలలేదు. ఇలాంటి ముడితోనే ఎప్పుడో ఎక్కడో పెనుగులాడి ఓడిపోయినట్టు అతనికి లీలగా అనిపించింది. ఎక్కడ?

ఆలోచించే వ్యవధి లేదు. కిందినుంచి చెంగల్వ కేక వేసింది.

తాటిచెట్టు ఎత్తున ఒక కెరటం గంటరాయి మీదికి లేచి వస్తోంది. దాని దారిలోనే, రాతికట్ట నడుమ, చెంగల్వ.

కరాళకంఠుడు కత్తి రాకుమారుడి చేతిలో పెట్టాడు. బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టాడు.

కెరటం ఆగిపోయింది!

పచ్చల గనిని నిలువునా చీల్చి నిలబెట్టినట్టుంది ఆ నీటిగోడ. దాని శిఖరం మీద నురుగు, దండకు గుచ్చబోతున్న మల్లెమొగ్గల్లా, ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. గోడ లోపల వెండి చేపలు, ఎర్రని పగడపు కొమ్మలు, తెడ్డంత రెక్కలున్న టేకుచేప ఒకటి, అన్నీ కుంచెతో దిద్దిన బొమ్మల్లా కదలక మెదలక వేలాడుతున్నాయి. మబ్బుల సందులోంచి జారిన ఒక్క ఎండకిరణం ఆ నీటిలో దూరి, చెంగల్వ ముఖం మీద ఆకుపచ్చగా ఆడింది. ఆ అందాన్ని చూస్తూ ఆమె కాళ్లు కదపడం మరిచిపోయింది.

“పరుగెత్తు!” అని గర్జించాడు ఉదయసేనుడు.

ఆమె ఒడ్డు చేరడం, ముసలివాడు ఊపిరి వదలడం, కెరటం భళ్లుమని కట్ట మీద విరిగిపడటం ఒక్కసారే జరిగాయి.

“మా గురువు నేర్పిన విద్య ఇదొక్కటే,” అన్నాడు కరాళకంఠుడు రొప్పుతూ. “ఊపిరి ఉన్నంతసేపు నీళ్లు నా మాట వింటాయి. ఈ వయసులో ఊపిరెంతని! చూస్తావేం? కొయ్యి!”

ఉదయసేనుడు కోశాడు. ముడిని మాత్రం తెంచకుండా, దాని పక్కగా తాడు కోసి, ఆ ముక్కను మొలలో దోపుకున్నాడు. తోలు ఊడి సముద్రంలో పడింది. ఇద్దరూ దూలం మీదనుంచి తమ బరువంతా వేసి ఇనుప నాలుకను అవతలి వైపుకి తన్నారు.

ఖంగ్...!

ఆ మోతకు గంటరాయి అదిరింది. మబ్బుల కింద కొండలు తిరిగి పలికాయి. రెండోసారి, మూడోసారి. నాలుగోసారి మోగేసరికి ఉత్తరాన దూరంగా మరో రేవు గంట అందుకుంది. దాని వెనక ఇంకొకటి. గంటనుంచి గంటకు ఆ పిలుపు తీరం పొడవునా పాకిపోయింది.

ఊరు కదిలింది.

ఎన్నాళ్లనుంచో ఈ పిలుపు కోసమే కాచుకుని ఉన్నట్టు కదిలింది. ప్రతి గడపకూ లోపలివైపు ఒక ఉట్టి వేలాడుతుంటుంది. అందులో అటుకులు, బెల్లం, విత్తనాల మూట, మూతబిగించిన నిప్పుకుండ. దాని పక్కనే మేకుకు అయిదు బారల తాడు చుట్ట. ఏడాదికోసారి ఆ ఇంటివాళ్లే స్వయంగా పేనుకున్నది. ఆడవాళ్లు ఉట్లు దింపారు. మగవాళ్లు పశువుల పలుపులు కోసి, కొండదారికేసి అదిలించారు. మంచాన ఉన్న ముసలాళ్లను వలల్లో పడుకోబెట్టి కావిళ్లుగా మోశారు. మొదటి గడప తాడుకు రెండో గడప తాడు, దానికి మూడోది, చకచకా ముళ్లు పడ్డాయి. ఏనుగుమెట్ట మీదికి పాకే కొండచిలువలా ఊరితాడు బారలు బారలుగా పెరిగింది. ఆ తాడు పట్టుకుని, గాలికి తలలు వంచి, జనం ఎక్కుతున్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఒక ముసలమ్మ మాత్రం కాలు కడుక్కోకుండా బయల్దేరదీసిందని కోడల్ని తిడుతోంది.

ఉదయసేనుడు కరాళకంఠుణ్ణి వెంటబెట్టుకుని, కెరటానికీ కెరటానికీ మధ్య రాతికట్ట దాటి, మెట్ట చేరేసరికి, కొండ మీది రాతిస్తంభం దగ్గర అసిరమ్మ కూర్చుని ఉంది. డెబ్భై ఏళ్ల మనిషి. చూపు పోయి పదేళ్లయింది. స్తంభానికి చుట్టుకుంటున్న ఊరితాడు ఆమె వేళ్ల మధ్యనుంచి జారుతోంది.

పగడాలరేవులో ఏ ఇంటి ముడి ఆ ఇంటిదే. తండ్రి కొడుక్కి, తల్లి కూతురికి నేర్పుతారు, పైవాళ్లకు చెప్పరు. రాయడం రాని ఊరికి అదే సంతకం. చేపకన్ను ముడి, జంటపీతల ముడి, ఏ ముడైనా వేలు తాకితే చాలు, అసిరమ్మకు ఇంటిపేరు తెలిసిపోతుంది. ముడి వచ్చిందంటే ఇల్లు వచ్చినట్టు. రాలేదంటే ఎవరో కింద ఉండిపోయినట్టు.

“రెండొందల పది,” అంది అసిరమ్మ. తాడు చివర ఆమె చేతిలోకి వచ్చేసింది. ఆమె ముఖం బిగుసుకుంది. “రెండు ముళ్లు రానేదే సెంగల్వా! ఉప్పుటేరు కాడి సిట్టెమ్మది, దుమ్మలయ్యది.”

చెంగల్వ తల పట్టుకుంది. “ఇంకేటి! దెబ్బలాడుకుంటుంటారు. ఆల్లిద్దరికీ మాటల్నేక మూడేళ్లు.”

“నేను వెళ్తాను,” అన్నాడు ఉదయసేనుడు.

“నీకు ముడెయ్యడం కూడా సరిగ్గా రాదు. నువ్వెల్లి ఏటి సేత్తావు?”

“ముడి వాళ్లు వేస్తారు. నేను మోసుకొస్తాను.”

అతను అప్పటికే దిగిపోతున్నాడు. వెనక పుర్రెల దండ గలగలలాడింది. కరాళకంఠుడు కూడా దిగుతున్నాడు. “నన్నెందుకు చూస్తావు? అక్కడ ఆ రాళ్లు రువ్వినవాళ్ల మధ్య కూర్చోవడం కంటే ఉప్పెనే నయం!”

ఉప్పుటేరు గట్టు మీద గాలి మనిషిని నిలవనివ్వడం లేదు. అయినా అక్కడ ఇద్దరు మనుషులు, చెరొక తాడుచుట్ట భుజాన వేసుకుని, ఒకరినొకరు వేలెత్తి చూపుకుంటూ నిలబడి ఉన్నారు.

“ఈడి తాడెనకాల నాను నడవాలా? నా మొగుడు బతికుంటే ఈడు నా గుమ్మం ముందు నిలబడేవోడా?” అంటోంది చిట్టెమ్మ.

“ముందు పుట్టింది నాను! ముందు కట్టేది నా ముడి! ఆడదాని ముడి ఎనకాల నా ముడా? ఎల్లెల్లు!” అంటున్నాడు దుమ్మలయ్య.

“మామా! అత్తా! ఉప్పెన!” అని అరిచాడు ఉదయసేనుడు.

“తెలుసునయ్యా, సెవుడా మాకు? ముందు ఈ సంగతి తేల్సు!”

తేల్చడానికి సముద్రమే వచ్చింది. ఉప్పుటేటి మలుపులో నీళ్లు గోడలా లేచాయి. విరిగిన పడవలు, పెరికిన కొబ్బరిచెట్లు, ఎవరి ఇంటిదో తలుపు ఒకటి, వాటన్నిటినీ నెత్తిన మోసుకుంటూ నల్లని కెరటం గట్టు మీదికి వంగింది.

కరాళకంఠుడు వాళ్లిద్దరి మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. బుగ్గలు పూరించాడు.

చిట్టెమ్మ అరుపు గొంతులోనే ఉండిపోయింది. తల మీద, చేయి చాపితే తగిలేంత దగ్గర్లో, సముద్రం ఆగి ఉంది.

“నడవండి!” అన్నాడు ఉదయసేనుడు. “ఆ ముసలాయన ఊపిరి ఉన్నంతసేపే మనకు ఆయుష్షు! రెండు తాళ్లూ ఒకేసారి ముడెయ్యండి. ఎవరు ముందో కొండెక్కాక తేల్చుకోవచ్చు!”

మూడేళ్లుగా ఎదురుపడితే ముఖం తిప్పుకున్న నాలుగు చేతులు ఒకే ముడి మీద కలిశాయి. ఆ తాడు చివర ఉదయసేనుడు కరాళకంఠుడి నడుముకు బిగించాడు. తర్వాత ముసలివాణ్ణి ఎత్తి భుజాన వేసుకుని పరుగెత్తాడు. ముందు చిట్టెమ్మ, దుమ్మలయ్య తాడు లాగుతూ పరుగు. వెనక, భుజం మీదనుంచి కెరటం వైపే కళ్లప్పగించి చూస్తూ, ఊపిరి బిగబట్టి, ముఖం ఎర్రబడి, నీలమై, నల్లబడుతున్న మాంత్రికుడు.

యాభై అడుగులు. వంద. మెట్ట మొదలు కనిపించింది. పైనుంచి చెంగల్వ, మరో పదిమంది ఊరితాడు చివర కిందికి విసిరారు. దుమ్మలయ్య అందుకున్నాడు. చిట్టెమ్మ ముడి వేసింది.

“లాగండి!”

కరాళకంఠుడి ఊపిరి అయిపోయింది.

సముద్రం మీద పడింది. ఉదయసేనుడి కళ్లముందు పచ్చదనం, నలుపు, బుడగలు. కాళ్లకింద నేల లేదు. ముసలివాడు భుజం మీదనుంచి జారిపోయాడు. మరుక్షణం నడుముకు కట్టిన తాడు గట్టిగా బిగిసింది. ఉదయసేనుడు ఆ తాడును రెండు చేతులా కరిచిపట్టుకున్నాడు. పైన రెండువందల పది గడపల మనుషులు ఒక్క గొంతుతో పడవల్ని ఒడ్డుకు లాగే పాట ఎత్తుకున్నారు. వాళ్లు ఒక్కో ఊపుతో లాగుతుంటే, ఒక్కో బార చొప్పున సముద్రం తన నోట్లోంచి వాళ్లను వదిలింది.

కొండ రాళ్లమీద పడగానే చెంగల్వ వచ్చి, ముందు ముసలివాడి కడుపు నొక్కి నీళ్లు కక్కించింది. తర్వాత ఉదయసేనుడి వీపు మీద ఒక్కటి చరిచింది.

“సచ్చినావనుకున్నాను గదయ్యా!”

“చెప్పానుగా, మోసుకొస్తానని.”

“మోసింది తాడు. నువ్వు గాదు,” అంది. నవ్వు దాచుకోవడానికి తల తిప్పుకుంది.

అసిరమ్మ చివరి ముడి తడిమి చూసింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి, తర్వాత పెదవులు విచ్చుకున్నాయి. “ఇదేటి, సిట్టెమ్మదీ దుమ్మలయ్యదీ కలిసిపోనాయి! రెండొందల పన్నెండు. అందరూ వొచ్చేసినారు!”

కొండ మీద కేరింతలు లేచాయి. కింద ఊరు లేదు. ఇళ్లున్న చోట పచ్చటి నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. కాని ప్రతి కుటుంబం చేతిలో విత్తనాల మూట ఉంది. ప్రతి నిప్పుకుండలో నిప్పు కణకణమంటోంది. అప్పుడే ఎవరో మూడు రాళ్లు పేర్చి గంజి పెట్టారు. తొలి చిప్ప గంజి తీసుకెళ్లి దుమ్మలయ్య కరాళకంఠుడి ముందు పెట్టాడు. 

“ఆ రోజు... తమరి తలమీద పడ్డ రాయి... నాదే.”

“తెలుసు,” అన్నాడు మాంత్రికుడు గంజి ఊదుకుంటూ. “గురి బాగుంది. ఉప్పుందా ఇందులో?”

“ఇకమీద నెలకోసారి గంట కొట్టి సూసుకోవాలి,” అంది చెంగల్వ గట్టిగా, అందరికీ వినబడేట్టు. “ఉప్పెన రాకుండా కొడితే సముద్రాన్ని పేరెట్టి పిలిసినట్టని ఎవులూ ముట్టుకోనేదు. ఆ భయాన్నే ఎవుడో వాడుకున్నాడు.”

ఎవుడో! ఆ మాటతో కేరింతలు సద్దుమణిగాయి. ఉదయసేనుడు మొలలోంచి తాడుముక్క తీసి అసిరమ్మ అరచేతిలో పెట్టాడు. “అవ్వా, గంట నాలుకకు తోలు చుట్టి బిగించిన ముడి ఇది. ఏ ఇంటిదో చెప్పగలవా?”

అసిరమ్మ వేళ్లు ముడి మీద నడిచాయి. మొదటి మెలిక. రెండోది, వెనక్కి తిరిగి పడుకున్నది. అక్కడ వేళ్లు ఆగిపోయాయి. ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగిపోయింది.

“గవరడు! నా తమ్ముడు! బతికే ఉన్నాడు!”

“ఏటవ్వా అంటన్నావు?” అంది చెంగల్వ.

“ఇది నా పుట్టింటి ముడే. తెలిసినోలు ఈ లోకంలో ఇద్దరమే, నానూ, ఆడూ. యాభై ఏళ్లకిందటి ఉప్పెనలో మా అయ్య ఇల్లు కింద ఉండిపోనాది. పన్నెండేళ్ల గవరడు తాటిమొద్దట్టుకుని ‘అప్పా, తాడెయ్యే’ అని కేకలేసినాడు. అప్పుడు ముళ్లు సూసే పెద్ద, అన్నీ వొచ్చేసినాయని లెక్క తప్పి, తాడు లాగించేసినాడు. నాను అరిసినా గాలికి ఎవులికీ ఇనబడనేదు. ఆ పెద్ద తరవాత సిగ్గుతో గవ్వలదీవికి ఎల్లిపోనాడు. ఒక్క ఇల్లూ మల్లీ తప్పకూడదనే నాను ఈ పని అట్టుకున్నాను...”

 ముఖంలో వెలుగు మెల్లగా ఆరిపోయింది. గవ్వలదీవి. కట్టేసిన గంట. తన అరచేతిలోని ముడి. అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి.

“గంటపూజనాడు పైకెక్కినోడు ఒక్కడే,” అంది. “రాచనగరి నుంచి వొచ్చిన పెద్దాయన. మౌనవ్రతం అన్నారు, ఒక్క మాటాడనేదు. దిగొచ్చాక నా కాళ్లకి దండమెట్టి, నా సెయ్యట్టుకున్నాడు. అంత గొప్పోడు తాళ్లు పేనేదాని కాళ్లు ముట్టినాడని ఊరంతా మెచ్చుకున్నాది. ఆ సెయ్యి ఒణికింది. ఎందుకో నాకు అప్పుడు తెల్దు. ఎవులయ్యా ఆయన?”

పూజకు వచ్చేవాళ్లు తనను గుర్తుపడతారని ఆ రోజు ఉదయసేనుడు పీచు కోసం కొబ్బరితోటలకు పోయాడు. ఎవరు వచ్చిందీ అతను చూడలేదు. కాని ఇప్పుడు చూడాల్సిన పనిలేదు.

నాలుగు రోజుల క్రితం తాటాకు వచ్చిన వెదురుగొట్టాన్ని, తలపాగాలో దాచుకున్నదాన్ని, బయటికి తీశాడు. తడిసినా చెక్కుచెదరలేదు. దాని మూతికి ఒక సన్నని దారం. ఆ ముడిని అతను ఎన్నడూ విప్పలేదు, దారాన్ని పక్కకు జార్చి తాటాకు తీసి చదివేవాడు. ఎందుకంటే చిన్నప్పుడు, పాఠాల తాటాకు కట్టలకు వేసిన అదే ముడితో పెనుగులాడి పెనుగులాడి ఏడుపుముఖం పెడితే, గురువుగారు నవ్వేవారు. ‘ఇది విప్పడం నీ వల్ల కాదు నాయనా.’

గొట్టాన్ని అసిరమ్మ చేతిలో పెట్టాడు. ఆమె వేళ్లు దారం మీద నడిచి, నడిమి మెలిక దగ్గర ఆగాయి.  అవునన్నట్టు తల ఊపింది.

‘గంటను నమ్ము. అది మోగేదాకా రేవు విడిచి కదలకు.’

ఉదయసేనుడు తలపాగా విప్పి పక్కన పెట్టాడు. కూలివాడి వంగిన భుజాలు నిటారుగా లేచాయి. ఆ నిలువు చూసి చెంగల్వ తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది.

“నేను దాలయ్యను కాదు. శంఖగిరి రాకుమారుణ్ణి, ఉదయసేనుణ్ణి,” అన్నాడు. కొండ మీది జనమంతా వినేట్టు, గాలిని మించి అతని గొంతు లేచింది. “గవ్వలదీవి గంట నోరు నొక్కినవాడు, ఈ గంట నాలుక కట్టేసినవాడు, మీ అందరితోపాటు నన్నూ ముంచడానికి ఇక్కడికి పంపినవాడు ఒక్కడే. ఈ క్షణాన మా తండ్రిగారి మంచం పక్కన కూర్చుని తన చేత్తో మందు కలుపుతున్నాడు. వాడు మా మహామంత్రి, ప్రజ్ఞాకరుడు!”